మన ఊళ్ళో అన్ని వయసుల వాళ్ళకీ చదువుల కేంద్రం: మొదలుపెట్టడం నుంచి నిలబెట్టడం దాకా

శ్రీకాకుళం జిల్లా పలాసకి తూర్పున, కొబ్బరి తోటల మధ్య ఉన్న ఒక ఉద్దానం ప్రాంతపు ఊళ్ళో నేను మొదటిసారి సాయంత్రం చదువుల కేంద్రం పెట్టినప్పుడు నా దగ్గర ముప్పై పలకలు, ఒక వాచకం, డబ్బాడు సుద్దముక్కలు ఉన్నాయి. ఊరి సంగతి మాత్రం ఏమీ తెలీదు. సాయంత్రం 6 గంటలకి తరగతి అని దండోరా వేయించాను. సరిగ్గా ఆ వేళకే ఆడవాళ్ళు జీడి ఫ్యాక్టరీ నుంచి ఇల్లు చేరి పొయ్యి వెలిగిస్తారు. మొదటి రోజు ఇరవై రెండు మంది వచ్చారు. మూడో నెలకి నలుగురు మిగిలారు. నాలుగో నెలలో గదికి తాళం వేసేశాను.

రెండోసారి మొదలుపెట్టేటప్పుడు వాచకం పక్కన పెట్టి ముందు ఊరు తిరిగాను. ఆ కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ నాలుగేళ్ళ పిల్లలూ ఉన్నారు, పదో తరగతి తప్పిన కోడళ్ళూ ఉన్నారు, పింఛను తీసుకునే తాతలూ ఉన్నారు. అక్కడ నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊళ్ళోనైనా ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ఈ అవసరం ఎంత పెద్దదో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత శ్రీకాకుళం జిల్లాలో 61.74 శాతం, విజయనగరం జిల్లాలో 58.89 శాతం. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా విడిపోక ముందు, పాత హద్దుల్లో తీసిన లెక్క ఇది.

ముందు ఊరు తిరగండి, నెల రోజులు

కేంద్రం తెరవకముందు కనీసం నెల రోజులు ఇంటింటికీ తిరగాలి. ఒక పెద్ద నోటు పుస్తకం తీసుకోండి. ఇంటికి ఒక పేజీ. ఇంట్లో ఎవరెవరున్నారు, ఏ పనికి వెళ్తారు, ఎన్ని గంటలకి వస్తారు, ఎవరు వలస వెళ్ళారు, ఏ నెలలో తిరిగొస్తారు, బడి మానేసిన పిల్లలున్నారా, మంచం మీద ఉన్నవాళ్ళున్నారా, ఇవన్నీ రాసుకోండి.

"మీకు చదువొచ్చా?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న వినగానే మనిషి ముఖం దించేసుకుంటారు. నేను "ఇంట్లో కాగితాలు ఎవరు చూస్తారమ్మా?" అని అడుగుతాను. కరెంటు బిల్లు వస్తే ఎవరికి చూపిస్తారు, డ్వాక్రా పుస్తకం ఎవరు చదివి చెప్తారు, ఆసుపత్రి చీటీ ఎవరి దగ్గరికి పట్టుకెళ్తారు అని. అప్పుడు మాట దానంతటదే సాగుతుంది. "మా పెద్దోడు సూసేవోడమ్మా, ఆడు హైద్రాబాద్ ఎల్లిపోనాక ఇంక సూసేవోలు లేరు" అంది ఒక అప్ప. ఆ ఒక్క మాటలో ఆమెకి ఏం నేర్పాలో నాకు తెలిసిపోయింది.

ఆ తర్వాత ఊరి పనుల క్యాలెండరు ఒకటి గీయండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ కేంద్రం నిలవడం పోవడం దీని మీదే ఉంటుంది. వరి ఊళ్ళలో ఊడ్పుల నెలలు, కోతల నెలలు తరగతికి రారు, రమ్మని ఒత్తిడి చేయకూడదు కూడా. జీడిపిక్కలు ఏరే ఎండాకాలంలో తోటల ఊళ్ళు ఖాళీగా కనిపిస్తాయి. తీరంలో మాత్రం సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఇక్కడి పడవల మీద వెళ్ళే మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఊళ్ళోనే ఉంటారు. గుజరాత్‌లోని వేరావల్ లాంటి చోట్ల బోట్ల మీద పనిచేసేవాళ్ళు కూడా ఎండాకాలంలోనే ఇంటికొస్తారు. మత్స్యకార ఊరిలో మగవాళ్ళ తరగతి పెట్టాలంటే ఆ రెండు నెలలే. వలసల ఊరైతే సంక్రాంతి. ఆ వారం రోజుల్లో అందరూ దొరుకుతారు. పేర్లు రాసుకోవడం, చందాలు అడగడం అప్పుడే చేయాలి.

చోటు, వేళ

చోటు ఎంచుకునేటప్పుడు ఒక్కటే చూడండి: ఊళ్ళో ఏ వీధి వాళ్ళయినా మొహమాటపడకుండా గుమ్మం దాటగలరా? ఎవరి అరుగు మీదో, ఏదో ఒక వీధి గుడి దగ్గరో పెడితే కొందరు రారు. ఎందుకు రాలేదో నోరు తెరిచి చెప్పరు కూడా. మాకు బడి గది బాగా కుదిరింది. హెడ్మాస్టరుకి, విద్యా కమిటీకి ఒక కాగితం రాసిచ్చి, సాయంత్రం తాళం బాధ్యత మాదే అని ఒప్పుకుంటే చాలామంది కాదనరు. తీరపు ఊళ్ళలో తుఫాను షెల్టరు ఉంటే అదీ మంచిదే. అంగన్‌వాడీ గది చిన్నపిల్లలకి సరిపోతుంది గానీ పెద్దవాళ్ళకి కూర్చోడానికి ఇరుకు.

వేళ మీరు పెట్టొద్దు. నేర్చుకునేవాళ్ళనే పెట్టమనండి. మా దగ్గర పిల్లలకి 5 నుంచి 6:30 దాకా, ఆడవాళ్ళకి రాత్రి 7:30 నుంచి 9 దాకా. కోడళ్ళకి మధ్యాహ్నం రెండు గంటలకి, పిల్లలు బడిలో ఉన్నప్పుడు. వారానికి ఐదు రోజులు చాలు. సంత రోజు, ఆదివారం వదిలేయండి.

తల్లుల తరగతికి పసిపిల్లలు కూడా వస్తారు. రావొద్దంటే తల్లీ రాదు. మూలన ఒక చాప, నాలుగు బొమ్మల పుస్తకాలు, ఒక పెద్దమ్మ ఉంటే సరిపోతుంది. మా కేంద్రానికి ముసలివాళ్ళు అలా పిల్లల్ని చూడటానికే వచ్చి, తర్వాత వాళ్ళూ పలక పట్టుకున్నారు.

చెప్పేవాళ్ళు ఎవరు

ఊరి బయటి నుంచి వచ్చే ఒక్క మనిషి మీద కేంద్రం ఆధారపడితే ఆ మనిషికి జ్వరం వచ్చిన రోజే అది ఆగిపోతుంది. కనీసం నలుగురు కావాలి. ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయిలు, రిటైరైన టీచర్లు, డ్వాక్రా సంఘం లెక్కలు రాసే ఆమె, సచివాలయంలో విద్య, సంక్షేమం చూసే అసిస్టెంటు. ఎవరికి రోజుకి గంట దొరికితే వాళ్ళని అడగండి.

కేంద్ర ప్రభుత్వం 2022–27కి నడుపుతున్న ఉల్లాస్ కార్యక్రమం కూడా స్వచ్ఛంద కార్యకర్తల మీదే నడుస్తుంది. 15 ఏళ్ళు నిండిన, చదవడం రాని వాళ్ళందరూ అందులో చేరొచ్చు. ఉల్లాస్ యాప్‌లో నేర్చుకునేవాళ్ళనీ, చెప్పేవాళ్ళనీ నమోదు చేస్తారు. చివర్లో చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకి 50, మొత్తం 150 మార్కుల పరీక్ష ఉంటుంది. పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో అడిగి మీ కేంద్రాన్ని దానికి కలపండి. పుస్తకాలు, సర్టిఫికెట్ అటువైపు నుంచి వస్తాయి. మనిషిని రోజూ కూర్చోబెట్టే పని మాత్రం మనదే.

చెప్పేవాళ్ళకి మొదటి రోజే మూడు నియమాలు చెప్పండి. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవొద్దు. అప్పా, అత్తా, మావయ్యా, పిన్నీ అని ఊరి వరసలే వాడాలి. తప్పు రాస్తే కొట్టేయొద్దు, పక్కన సరైనది రాయాలి. పిల్లలతో గదిలో ఏ పెద్దవాళ్ళూ ఒంటరిగా ఉండొద్దు, ఎప్పుడూ ఇద్దరుండాలి. మూడోది ఎంత నమ్మకస్తులకైనా సడలించొద్దు. పిల్లలకి ఆపద వస్తే పిలవాల్సిన 1098 నంబరు గోడ మీద పెద్దగా రాసి పెట్టండి.

బడి పిల్లలు, బడి మానేసిన పిల్లలు

బడికి వెళ్ళే పిల్లలు హోంవర్కు పట్టుకొస్తారు. దాన్ని చేయించి పంపేస్తే మనం ట్యూషన్ అయిపోతాం. ముందు ఒక్కొక్కళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు వాక్యాలు చదివించండి. ఐదో తరగతి పిల్లవాడికి గుణింతం రాకపోవచ్చు, మూడో తరగతి పాప కథ గడగడా చదవొచ్చు. తరగతిని బట్టి కాకుండా, వచ్చినదాన్ని బట్టి జట్లు చేయండి: అక్షరాలు పోల్చేవాళ్ళు, మాటలు చదివేవాళ్ళు, కథ చదివేవాళ్ళు. నెలకోసారి మళ్ళీ చదివించి జట్టు మార్చండి. మొదటి అరగంట ఇదే, హోంవర్కు తర్వాత.

మానేసిన పిల్లల సంగతిలో చట్టం మన వైపుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలని వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలి. పుట్టినతేదీ కాగితం లేదనో, టీసీ లేదనో వెనక్కి పంపకూడదు. వలస నుంచి తిరిగొచ్చిన కుటుంబాలకి ఈ సంగతి తెలీదు. టీసీ కోసం హైదరాబాదుకి బస్సెక్కబోయిన ఒక తండ్రిని నేనే ఆపి, బిడ్డని నేరుగా బడికి తీసుకెళ్ళాను. మీరు కూడా వెంట వెళ్ళండి. కాగితం రాసిచ్చి పంపిస్తే పని జరగదు, పక్కన మనిషి ఉంటే జరుగుతుంది. ఆడపిల్లలకి కస్తూర్బా విద్యాలయాలున్నాయి. బడి మానేసిన అమ్మాయిల కోసమే అవి పుట్టాయి, ఉండటానికీ తినడానికీ అక్కడే.

వైకల్యం ఉన్న పిల్లలకి మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వాళ్ళకి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు ఇచ్చింది. ఇంట్లోనే దాచి ఉంచిన పిల్లలు ప్రతి ఊళ్ళో ఒకరిద్దరుంటారు. నోటు పుస్తకంలో ఆ ఇంటి పేజీకి గుర్తు పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వెళ్ళండి.

పెద్దవాళ్ళకి అక్షరాలు

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక ఇక్కడ కావాలి. అందుకే దీని గురించి వివరంగా రాస్తున్నాను.

మొట్టమొదట కళ్ళు చూడండి. నలభై దాటినవాళ్ళకి దగ్గరి చూపు తగ్గుతుంది. అది వాళ్ళకి తెలీదు, చదువు ఎక్కట్లేదనుకుంటారు. "సూదిలో దారం ఎక్కిస్తావా అప్పా?" అని అడగండి. మనవరాలు ఎక్కిస్తోంది అంటే ఆమెకి కళ్ళజోడు కావాలి. పలకని చేయి చాపి దూరంగా పట్టుకున్నా అదే గుర్తు. మొదటి వారంలోనే ప్రభుత్వ ఆసుపత్రి కళ్ళ విభాగానికి అందరినీ ఒక ఆటోలో తీసుకెళ్ళండి. మా దగ్గర రెండు నెలలు "నాకు రాదమ్మా" అని ఏడ్చిన ఒక పెద్దమ్మ, కళ్ళజోడు పెట్టుకున్న రోజు పలక మీద తను రాసిన అక్షరాన్ని వేలితో తడిమి, "ఇంత సన్నగా ఉంటాదేటి గీత!" అంది. అంతవరకూ ఆమెకి కనపడింది ఒక మసక మాత్రమే.

రెండోది, సంతకంతో మొదలుపెట్టి సంతకంతో ఆపేయొద్దు. సంతకం వస్తే గౌరవంగా ఉంటుంది, నిజమే. కానీ చదవడం రాకుండా సంతకం మాత్రం వస్తే ప్రమాదం ఎక్కువ. వేలిముద్ర వేసేవాళ్ళకి కాగితం చదివి వినిపించాలని అందరికీ గుర్తుంటుంది, సంతకం పెట్టేవాళ్ళు చదివే పెట్టారనుకుంటారు. అప్పు పత్రం మీద అలా సంతకం పెట్టి నష్టపోయినవాళ్ళని నేను చూశాను. సంతకం నేర్పండి, అది మూడో నెలలో.

మరి మొదలు ఎక్కడ? అ ఆ ఇ ఈలతో కాదు. రోజూ కళ్ళ ముందుండే మాటతో. మాకు ఆ మాట పలాస. బస్సు బోర్డు మీద ఉంటుంది, సంచి మీద ఉంటుంది, రైల్వే స్టేషన్లో ఉంటుంది. మూడే అక్షరాలు. బోర్డు మీద పెద్దగా రాసి, ముందు మొత్తం మాటని చదివించి, తర్వాత ప, లా, స అని విడదీసి చూపించాలి. రెండో రోజు "పని". ప ముందే తెలుసు, ని ఒక్కటే కొత్త. తర్వాత కూలి, జీడి, నీరు. ఈ ఐదు మాటలు రెండు వారాలు పడతాయి. ఇప్పుడు వాళ్ళ చేతిలో ప, ల, స, న, క, జ, డ, ర ఉన్నాయి; దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, కొమ్ముదీర్ఘం ఉన్నాయి. వీటిని అటూ ఇటూ మార్చి పెడితే పాలు, కాలు, పూలు, పులి, నారు, కారు, రాజు, నాలుక అన్నీ వచ్చేస్తాయి. ఎవరూ చెప్పకుండా "నారు" అని తనే కూడబలుక్కుని చదివిన మనిషి ముఖం చూడండి. ఆ రోజు నుంచి ఆమె మానదు.

విజయనగరం వైపైతే మీ ఊరి బోర్డుని బట్టి మాట ఎంచుకోండి. విజయనగరం అన్న మాట పొడుగే గానీ అందులో ఒక్క గుడి తప్ప మిగతావన్నీ తలకట్టు అక్షరాలు, చివర సున్న, అంతే. మొదటి వారానికి బాగా పనికొస్తుంది. జూట్ మిల్లు ఊరైతే నార. చేపల ఊరైతే ముందు వల, అది గట్టిపడ్డాక పడవ. ప, వ, మ మూడింటినీ మాత్రం ఒకేసారి చెప్పొద్దు. ఆకారాలు దగ్గరగా ఉండి తికమక పడతారు. ఒకటి గట్టిపడ్డాక రెండోది.

చేతి సంగతి ఒకటి. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు జీడి రసానికి పొరలు ఊడి, నల్లబడి ఉంటాయి. వాళ్ళకి సన్నటి పెన్సిల్ ఇస్తే వేళ్ళు నొప్పి పుట్టి పక్కన పెట్టేస్తారు. లావు సుద్దముక్క ఇచ్చి, నేల మీదో పెద్ద బోర్డు మీదో చేయి మొత్తం తిప్పి రాయనివ్వండి. ముగ్గు పెట్టే చేయి అది, వంపులు తిప్పడం దానికి తెలుసు. నెల తర్వాత పలక, ఆ తర్వాతే నోటు పుస్తకం.

మూడో నెలలో వత్తులు వస్తాయి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. నేను వరసలతో దాటిస్తాను. అమ్మ, అప్ప, అక్క, అన్న, అయ్య, అత్త, నాన్న: మన వరసల్లో ఎక్కువభాగం జంట అక్షరాలే. ఒక్కొక్కరూ తమ ఇంట్లోవాళ్ళ వరసలు రాసుకుంటే ఆరు వత్తులు ఏడు రోజుల్లో వచ్చేస్తాయి. ఆ తర్వాత రకరకాల వత్తులున్న మాటలు, పింఛను కార్డు మీదవి, రేషను కార్డు మీదవి.

చదవడానికి పుస్తకం ఏది? మొదట్లో వాళ్ళ మాటే పుస్తకం. ఒకరు చెప్తారు, మీరు బోర్డు మీద రాస్తారు, అందరూ చదువుతారు. ఒక రోజు ఒకామె "రేత్రి వోన పడినాది. నారు ములిగిపోనాది" అంది. నేను అలాగే రాశాను. తన నోటి మాట బోర్డు మీద కనిపించేసరికి ఆమె లేచి నిలబడింది. దాని పక్కనే "రాత్రి వాన పడింది, నారు మునిగిపోయింది" అని పుస్తకాల తెలుగు రాసి, రెండూ చదివించాను. ఆమె మాట తప్పని చెప్పలేదు. కాగితాల్లో ఇలా రాస్తారని మాత్రం చెప్పాను.

ఈ జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితమంతా పోరాడింది ఇందుకే కదా. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆయన, సవర గిరిజనుల పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తను సవర భాష నేర్చుకోవాలని నేర్చుకున్నారు, వాళ్ళ కోసం బడులు పెట్టారు, సవర వ్యాకరణం రాశారు. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ళలో కేంద్రం పెట్టేవాళ్ళు ఆ దారినే పోవాలి. సవర మాట్లాడే మనిషి ఒకరు గదిలో ఉండి తీరాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇంటి భాషగా ఉన్న కుటుంబాలకీ అంతే. ఇంటి భాషలో అర్థం చెప్పి, తర్వాత తెలుగు అక్షరం.

లెక్కలు, కాగితాలు

పెద్దవాళ్ళకి లెక్కలు రావనుకోవడం పొరపాటు. కూరగాయల సంతలో వాళ్ళు నోటితో వేసే లెక్క మనం కాగితం మీద వేసేలోపే అయిపోతుంది. వాళ్ళకి రానిది అంకె రాయడం, పద్దు చదవడం. అందుకని నోట్లతో మొదలుపెట్టండి. వందలు, పదులు, ఒకట్లు అన్న స్థానాలు డబ్బు కట్టలు పెట్టి చూపిస్తే ఒక్క పూటలో అర్థమవుతాయి.

తర్వాత ప్రతి ఒక్కరికీ చిన్న నోటు పుస్తకం ఇచ్చి, రోజూ ఎన్ని కిలోల జీడిపప్పు తీశారో, ఎంత కూలి రావాలో రాసుకోమనండి. మా ఊళ్ళో ఇలా రాసుకున్న మొదటి నెలాఖరులో ముగ్గురికి, తాము రాసుకున్న దానికీ చేతికొచ్చిన దానికీ తేడా వచ్చింది. ముగ్గురూ కలిసి, గొడవ పడకుండా, పుస్తకాలు తెరిచి చూపించి అడిగారు. మిగతా డబ్బు వచ్చింది. ఆ వారంలో తరగతికి కొత్తగా పదకొండు మంది చేరారు.

నాలుగో నెల నుంచి పాఠమంతా ఇంట్లో ఉన్న కాగితాలే. డ్వాక్రా పాస్ పుస్తకంలో అసలు ఏది, వడ్డీ ఏది. కరెంటు బిల్లులో యూనిట్లు ఎక్కడుంటాయి. బ్యాంకులో డబ్బు వేసే ఫారం, తీసే ఫారం. ఉద్దానంలో ఇంకొకటి తప్పదు: రక్తపరీక్ష రిపోర్టు. కిడ్నీ జబ్బు లేని వీధి లేని ఊళ్ళు మావి. ఇంటిమనిషికి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే అంకె) పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత అని ఒక్క అంకె చదవగలిగితే చాలు, డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలో అడిగి తెలుసుకోగలరు. రిపోర్టులు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఆ మాట ఆకారాన్ని బొమ్మలా గుర్తుపట్టడం నేర్పుతాను. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక సంచిలో పెట్టుకోవడం కూడా పాఠమే. మందు మార్చడం, ఆపడం గురించి మాత్రం కేంద్రంలో ఒక్క మాటా మాట్లాడొద్దు, అది డాక్టర్లు చెప్పాలి.

పదో తరగతి, ఇంటర్ మధ్యలో ఆగినవాళ్ళు

వీళ్ళు పెళ్ళయిన కోడళ్ళు, డ్రైవర్లు, హోటళ్ళలో పనిచేసి తిరిగొచ్చిన కుర్రాళ్ళు. దారి సార్వత్రిక విద్య, అంటే ఓపెన్ స్కూలు. మన రాష్ట్రంలో సార్వత్రిక విద్యాపీఠం ఉంది, కేంద్ర ప్రభుత్వం తరఫున ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ఉంది. పదో తరగతికి 14 ఏళ్ళు, ఇంటర్‌కి 15 ఏళ్ళు నిండితే చాలు. ఇంటర్‌కి పది పాసై ఉండాలి. పై వయసుకి హద్దు లేదు. ఎన్‌ఐఓఎస్‌లో అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కర్లేదు, ఐదేళ్ళలోపు ఒక్కొక్కటిగా పాసవ్వచ్చు. పసిపిల్లలున్న తల్లికి ఇది పెద్ద ఊరట. మొదటి విడతకి రెండు సబ్జెక్టులే రాయమంటాను. తెలుగు ఒకటి, బాగా ఇష్టమైనది ఇంకొకటి. రెండు పాసైన మనిషి మిగతావి వదలదు.

దరఖాస్తుకి ముందే ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ, పాత బడి రికార్డులో ఉన్నవి ఒకటేనా అని చూడండి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళకి ఇక్కడే చిక్కు. గడువు వారం ముందు తెలిస్తే టెన్షన్ తప్ప పని అవదు. అందుకే సంక్రాంతి నుంచే కాగితాలు సరిచేయించడం మొదలుపెట్టండి. ప్రకటన వచ్చినప్పుడు దగ్గర్లోని హైస్కూల్లో అధ్యయన కేంద్రం ఎక్కడుందో అడగండి. ఫీజు ప్రకటనలో చూసుకుని నేరుగా కట్టించండి. "నేను పాస్ చేయిస్తాను, ఇంత ఇవ్వండి" అనే మధ్యవర్తుల దగ్గరికి పోనివ్వకండి.

అత్తగారి అనుమతి అన్నది అసలైన పరీక్ష. కోడలితో కాదు, ముందు అత్తగారితో మాట్లాడాలి. ఆమె కూడా రాత్రి తరగతికి వస్తుంటే పని సగం అయిపోయినట్టే. మా కేంద్రంలో చదువుకున్న అత్తలే కోడళ్ళని మధ్యాహ్నం తరగతికి పంపించారు.

ఫోను

ఇది కుర్రాళ్ళు పెద్దవాళ్ళకి చెప్పే పాఠం. శనివారం గంటసేపు. నంబరు చూసి డయల్ చేయడం, వలస వెళ్ళిన కొడుక్కి వీడియో కాల్ చేయడం, బ్యాంకు మెసేజ్‌లో జమ ఏది ఖర్చు ఏది పోల్చుకోవడం, ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి. ఉచిత న్యాయసాయానికి 15100, వృద్ధుల సాయానికి 14567. వీటిని అంకెల పాఠంలోనే నోటికి పట్టించండి.

డబ్బు, లెక్కలు, రిజిస్ట్రేషన్

మొదటి ఏడాది సంస్థ రిజిస్టర్ చేయొద్దని నా సలహా. పదవుల మీద మాటలు మొదలై చదువు వెనకబడుతుంది. ఏడాది నడిచాక, నిజంగా అవసరమైతే, 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులతో రిజిస్టర్ చేసుకోవచ్చు. అంతవరకూ డ్వాక్రా గ్రామ సంఘం తీర్మానం సరిపోతుంది.

ఖర్చు పెద్దగా ఉండదు. సుద్దముక్కలు, పలకలు, రెండు లైట్లు, కళ్ళజోళ్ళు, ఆటో ఖర్చు. ఊరి నుంచి విశాఖ, హైదరాబాద్ వెళ్ళి స్థిరపడినవాళ్ళు సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగితే ఇస్తారు. వస్తువుగా అడగండి. "రెండు లైట్లు కావాలి బాబూ" అంటే వెంటనే కొనిస్తారు. వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత అన్నది నెలనెలా గోడ మీద రాయండి. ఆ రాసే పని చదువు నేర్చుకుంటున్నవాళ్ళకే ఇవ్వండి. ఊరంతా చదివే లెక్క కాబట్టి ఎంతో శ్రద్ధగా రాస్తారు.

శాఖా గ్రంథాలయం దగ్గర్లో ఉంటే నెలకోసారి అందరినీ తీసుకెళ్ళి పేపరు తిరగేయించండి. పెద్ద అక్షరాల హెడ్డింగులు చదవడం అయిదో నెలకి వచ్చేస్తుంది.

హాజరు పడిపోయినప్పుడు

పడిపోతుంది. ఊడ్పులప్పుడు, పండగలప్పుడు, ఊళ్ళో చావు జరిగినప్పుడు. కంగారు పడొద్దు, కేంద్రం మాత్రం మూయొద్దు. ఒక్కరు వచ్చినా లైటు వెలగాలి. మూడు రోజులు వరసగా రానివాళ్ళ ఇంటికి నాలుగో రోజు వెళ్ళండి. "ఎందుకు రాలేదు" అనకండి. "ఒంట్లో బాగుందా అప్పా" అనండి. చాలాసార్లు కారణం చదువు కాదు, మొగుడు తాగి గొడవ చేయడమో, బిడ్డకి జ్వరమో, అప్పువాడు గుమ్మంలో కూర్చోవడమో. వాటికి దారి చూపించడం కూడా కేంద్రం పనే అనుకున్న రోజు నుంచి మాకు మనుషులు నిలిచారు.

చెప్పే అమ్మాయిలకి పెళ్ళిళ్ళవుతాయి, ఉద్యోగాలొస్తాయి, వెళ్ళిపోతారు. అందుకని మొదటి బ్యాచిలో బాగా నేర్చుకున్న ఇద్దరిని ఆరో నెల నుంచే కొత్తవాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. ఇప్పుడు మా రాత్రి తరగతిలో "పలాస" పాఠం చెప్పేది నేను కాదు. సూదిలో దారం ఎక్కించలేని ఆ పెద్దమ్మే. కళ్ళజోడు సవరించుకుని, బోర్డు మీద ప రాసి, "ఇది సూడండి, రోజూ మన బస్సు మీద ఉండేదే" అని మొదలుపెడుతుంది.